గానుగ బాటకు ఆ వంకర ఎట్లొచ్చింది

కదిరమ్మని ఒకామె ఉన్నిందంట మన ఊరి కింది కొట్టాల్లో. మొగుడు ఎప్పుడో పోయినాడు, బిడ్డల్లేరు. ఉండేదంతా ఒక గానుగ, ఒక ఎద్దు. ఎద్దు పేరు మైలోడు. చెనిక్కాయ పప్పు తీసుకోని ఎవురు పోయినా ఆయమ్మ గానుగలో పోసేది, మైలోని కండ్లకు గంత కట్టేది, వాడు గిర్రుగిర్రున తిరిగేవాడు, నూనె కారేది. ఆ వాసన చావిడి దాకా కొట్టేదంట, ఇప్పుడు మీరు కొనుక్కొచ్చే నూనెకు ఆ వాసన ఏదీ? సరే, అది ఇడిసిపెట్టండి. ఏమైందంటే, వానలు పడితే కొట్టాలకు పొయ్యే దారంతా రేగడి బురద. కాలు పెడితే మోకాలి దాకా దిగబడేది. నెత్తిన గంప పెట్టుకోని ఆడోళ్ళు ఎట్ల పోతారు? పోరు. గానుగ నిలబడిపోయేది. గానుగ నిలబడితే ఆయమ్మ పొయ్యి నిలబడినట్టే గదా.

ఆ యేడు ఊరోళ్ళంతా కూచోని, చావిడి కాడ నుంచి పెద్ద రస్తా దాకా ఒక బాట వేసుకుందామని అనుకున్నారంట. బాట ఎట్ల పోవాల? మన పెద్దోళ్ళకు ఒక పద్ధతి ఉన్నిందిలే. ఎద్దు మెడకు తాడేసి, ఆ తాడుకు ముళ్ళకంప కట్టి ఇడిసేది. పగ్గం ఎవురూ పట్టకూడదు, ఎవురూ అదిలించకూడదు. అది యాడ పోతే ఆడ కంప గీత పడుతుంది, ఆ గీతే బాట. ఎవుని చేను పోయినా నోరెత్తకూడదు, గంగమ్మ చూపిన దారని ఒప్పుకోవాల. బాగుండాది గదా? బాగుండాది. కానీ ఎప్పుడు చూసినా ఊరి పెద్ద ఓబుళరెడ్డి ఎద్దునే కట్టేవాళ్ళంట. ఆ ఎద్దు దినామూ మేసేది రెడ్డి నిమ్మతోటలో. ఇడిస్తే నేరుగా ఆడికే పోతుంది, రెడ్డి నిమ్మకాయల బండ్లకు తోట కాడికే బాట పడుతుంది. గంగమ్మ చూపిందా, గడ్డి చూపిందా, మీరే చెప్పండి!

ఈ సారీ అంతే అయితే బాట నిమ్మతోట మీద పోతుంది, కొట్టాల మొగం ఎవురూ చూడరు, ఇంక నా గానుగ మూసుకోవాల్సిందే అనుకునిందంట కదిరమ్మ. లేచి నిలబడింది. అయ్యా, ఒక మాట చెప్పనా అనింది. చెప్పమ్మా అన్నారు. "గంగమ్మ చూపాలంటే ఎవుని చేను ఏదో తెలీని ఎద్దు కావాల గదా సామీ. మా మైలోడు గంత కట్టుకోని తిరగడం తప్ప ఏమెరగడు. విప్పినా కొట్టంలోనే ఉంటాడు. వానికి మీ చేనూ తెలీదు, వాళ్ళ చేనూ తెలీదు. ఈ సారి వాన్ని కట్టండి." జనమంతా అవునవునన్నారు. రెడ్డి లోపల్లోపల నగుకున్నాడంట. గానుగెద్దు గదా, గిర్రున తిరిగి మళ్ళా చావిడి కాడికే వస్తాది, అప్పుడు నా ఎద్దును కడతా అనుకోని, పైకేమో పెద్దమనిషి మాదిరి, "అట్లే కానీమ్మా, గంత మాత్రం విప్పొద్దు. ఇల్లు చూసి పోయిందని రేపెవురన్నా అంటే నీకే మాట" అన్నాడు.

గంగమ్మకు టెంకాయ కొట్టినారు, కంప కట్టినారు. కదిరమ్మ మైలోని చెవి కాడ నోరు పెట్టి ఏం చెప్పిందంటారు? "నాయనా, తిరుగు. తిరగొద్దనను. కాకపోతే ఇంట్లో తిరిగినట్టు చిన్నగా తిరగొద్దు, పెద్దగా తిరుగు" అనిందంట! నగొద్దండి, ఆయమ్మ కష్టం ఆయమ్మది. మైలోడు కదిలినాడు. కుడికి ఒరుగుతా, ఒరుగుతా పోతాండాడు. వెనక ఊరు ఊరంతా పోతాండాది. చేండ్లు దాటినాడు, ఎండిన రేగడి దాటినాడు, ఒరిగి ఒరిగి కొట్టాల దిక్కుకు తిరిగినాడు. కదిరమ్మ అందరికన్నా ముందు నడస్తాంది. గానుగ ముందరికొచ్చేసరికి నూనె తీసిన చెక్క వాసన తగిలింది, టక్కున నిలబడినాడు. కదిరమ్మ ఒక్క ఉరుకు ఉరికి గంత విప్పేసింది.

"ఏయ్, చెయ్యేసింది! ఒప్పుకునేది లేదు!" అని రెడ్డి కేకలు. కదిరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకోని, "పగ్గం పట్టొద్దంటిరి, పట్టలేదు. అదిలించొద్దంటిరి, అదిలించలేదు. పని నిలిపిన ఎద్దుకు గంత విప్పేది మా గానుగ పద్ధతి. మీ పద్ధతి మీకుంటే మా పద్ధతి మాకుండదా రెడ్డీ?" అనింది. రెడ్డి ఏమో అనబోయినాడు. అనేలోపల మైలోడు తలెత్తి చూసినాడు. ఎదురుగా అంతా బయలు. తెల్లారి ఎండ, అడ్డమూ లేదు, గోడా లేదు. ఆ జీవం అట్లాంటిది పుట్టి ఎరగదు గదా. తోక పైకెత్తి ఒకటే ఉరుకు! కంప ఎగిరెగిరి పడతాంటే, దుమ్ము లేస్తాంటే, నేరుగా పెద్ద రస్తా మీదికి. వెనకాల జనం కేకలేస్తా ఉరుకు, రెడ్డి కూడా ఉరుకు. పాగా ఊడి కంపకు తగులుకోని అదీ పోతాంది. దాన్ని చూసి రెడ్డికే నవ్వొచ్చి చతికిలబడి పకపకా నగినాడంట. నగినోడు ఇంక కాదనేదెట్ల? ఒప్పుకున్నాడు.

ఆ గీత మీదనే మట్టి పోసినారు, రాళ్ళు పరిచినారు. ఆ వానాకాలం ఆడోళ్ళు చెప్పులు తడవకుండా పోయి నూనె ఆడించుకొచ్చినారు. కదిరమ్మ సంతోషం ఇంతా అంతా కాదు, వచ్చినోళ్ళందరికీ చేతిలో బెల్లం ముక్క పెట్టేదంట. మైలోడు మాత్రం మళ్ళా గంత కట్టనీలేదు. తల అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, కొమ్ము ఆడిస్తాడు. "బయలు చూసినోడివి, ఇంకేం తిరుగుతావులే నాయనా" అని ఆయమ్మ గానుగకు ఇంకో ఎద్దును తెచ్చుకోని, మైలోన్ని బండికి కట్టిందంట. నూనె డబ్బాలేసుకోని సంతకు పోతాంటే, వాడే ముందు, ఆయమ్మ వెనక.

గానుగ ఎప్పుడో పోయింది. పేరు మాత్రం గానుగ బాటే. మొన్న బస్సులో పక్కన కూచున్న పిల్ల ఎవురో, "ఏం రోడ్డవ్వా ఇది, సగం వంకర, సగం తిన్నగా, గీసినోడు తాగి గీసినాడా?" అని అడిగింది. తాగలేదమ్మా, పాపం వానికి సగం దారి దాకా కండ్లకు గంత కట్టినారు అని చెప్పినా. నన్ను అదో మాదిరి చూసి పక్క సీటుకు పోయింది.