లాలాగూడకు వేసిన రంగు

1995 జూలై 3వ తేదీన మంజీర విశ్వవిద్యాలయ భూగోళశాస్త్ర శాఖలో సహాయాచార్యులుగా చేరిన శ్రీ రామాంజనేయులు గారు ఈ నెలాఖరున ఆచార్యులుగా పదవీ విరమణ చేస్తున్నారు. తాడిపత్రి నుంచి వచ్చి తార్నాకలో అద్దె ఇంట దిగిన నాటి నుంచి నేటి వరకు వారు మకాం మార్చలేదు, పాఠ్యాంశమూ మార్చలేదు. జనసాంద్రతను పటాల మీద రంగులతో చూపడం విద్యార్థులకు నేర్పడమే వారి వృత్తి, వ్యసనం కూడా. వ్యాసం సంతోషంగా ఉండాలని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు సూచించారు. నాకు చేతనైనంత ప్రయత్నిస్తాను.

తొలి సంవత్సరాలలో వారి బోధన పుస్తకం ప్రకారమే సాగింది. జనాభాను విస్తీర్ణంతో భాగించి, పలుచగా ఉన్నచోట లేత రంగు, కిక్కిరిసినచోట ముదురు రంగు వేయించేవారు. రంగు గీత దాటితే పటం మొదటి నుంచి గీయవలసిందే. క్యాంపస్‌లో వారి పేరు చెబితే పెన్సిళ్ళు వాటంతటవే మొన తేలేవని విద్యార్థులు పరిహాసమాడేవారు.

వారి పద్ధతిని మార్చిన సంఘటన నా కళ్ళెదుటే జరిగింది. లాలాగూడ పటం గీస్తున్న రోజున ధరణి అనే విద్యార్థిని కుంచె పక్కన పెట్టేసింది. ఆమె తండ్రి అక్కడి రైల్వే వర్క్‌షాపు ఉద్యోగి.

"సార్, లెక్క సరిగనే వచ్చింది. కానీ ఈ రంగు చూస్తే మా గల్లీల మనుషులే లేనట్టున్నది. మేం ఒక్క రూముల ఏడుగురం పంటం," అన్నది.

తరగతి నవ్వింది, రామాంజనేయులు గారు నవ్వలేదు. మరునాడే అందరినీ వెంటబెట్టుకుని లాలాగూడ, మెట్టుగూడ వీధులు కాలినడకన తిప్పారు. వర్క్‌షాపు, పట్టాలు, ఖాళీ జాగాలు విస్తీర్ణంలో కలిసిపోవడం వల్లే ఇరుకు క్వార్టర్లు పటంలో విశాలంగా కనబడ్డాయని తేలింది. మనుషులు నివసించని నేలను తీసివేసి మళ్ళీ లెక్క కట్టిస్తే, లాలాగూడ ముదురు ఎరుపుకు తిరిగింది. నాటి నుంచి వీధులు తిరిగి రానిదే ఏ విద్యార్థి చేతికీ వారు రంగులు ఇవ్వలేదు.

ఇక చెప్పక తప్పని విషయం. వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఈ పటాల ప్రాక్టికల్ ఉండదు. విశ్వవిద్యాలయ పెద్దలు సమావేశమై, కొన్నేళ్ళ ప్రవేశాల సగటు తీసి, విద్యార్థులు లేరని తేల్చారు. కరోనా వల్ల ప్రవేశాలే జరపని ఏళ్ళు కూడా ఆ సగటులో ఉన్నాయి. నిరుడు మాత్రం కూర్చోవడానికి బల్లలు చాలలేదు. వేతనం లేకుండా ఇంకొక్క ఏడాది బోధిస్తానన్న వారి అభ్యర్థనను కూడా తోసిపుచ్చారు. ఆ కబురు చెప్పే పని నా మీద పడింది. విని, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఖాళీ నేలను గూడా కలిపి భాగించినారు భూపాలూ. మన దగ్గర చదువుకున్నోళ్ళు ఒక్కరన్నా ల్యాకపోయిరా ఆ మీటింగులో?" అన్నారు.

ఉన్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వారి సతీమణి శ్రీమతి లలిత గారు చెప్పగా తెలిసింది, ఆదివారాలు కూడా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చుంటున్నారట. మాకు చాలా బాధగా ఉంది. దానిని అలంకారాలతో కప్పదలచుకోలేదు.

ఆచార్యుల వారికి నిండు ఆయుష్షును, చెక్కుచెదరని ఆరోగ్యాన్ని శాఖ పక్షాన మనసారా కోరుతున్నాం. ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు. సెలవుల తర్వాత కొత్త విద్యార్థులు వస్తారు, పటాలు ఎక్కడ నేర్పుతారని అడుగుతారు. మేము చూపగలిగింది తార్నాకలో వారి ఇల్లు ఒక్కటే. ఆ తలుపు తీయడానికైనా వారు చిరకాలం చల్లగా ఉండాలి.

— భూపాల్, భూగోళశాస్త్ర శాఖ