ఇనుమంటే గిట్టని మిషను

ఆర్డిత్ ఇంటి ముందర, రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్యనున్న గడ్డిపట్టీ ఆవిడది కాదు. మునిసిపాలిటీది. కానీ గడ్డి పెరిగితే కొయ్యాల్సింది ఆవిడ, ఆకు రాలితే ఊడవాల్సింది ఆవిడ, ఎవరి కుక్కో వచ్చి పాడుచేసి పోతే ఎత్తాల్సింది ఆవిడ. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, ఇక్కడ సొమ్ము ఊరిది, చాకిరీ ఆర్డిత్‌ది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది గానీ ఆయన బతికున్న రోజుల్లోనూ గడ్డి కోసింది ఆవిడే, అంచేత ఆ విషయంలో పెద్ద తేడా ఏం తెలియలేదు. వాల్నట్ వీధి మొత్తమ్మీద అంత నున్నటి గడ్డి ఇంకో ఇంటి ముందర లేదు.

ఆ గడ్డికి సోమవారం రూపంలో గండం వచ్చి పడింది.

నేలమాళిగలో నీళ్ల పైపు కారడం మొదలెట్టింది. ఆర్డిత్ కింద బకెట్టు పెట్టి, నిండినప్పుడల్లా మోసుకొచ్చి పారబోస్తోంది. ప్లంబరు వచ్చి చూసి, ఇది లోపల్నించి ఆగేది కాదు, బయట నీ గడ్డి కింద ఎక్కడో వాల్వు ఉంటుంది, దాని మీద ఇనప మూత ఉంటుంది, అది తీసి నీళ్లు కట్టేస్తే గానీ నేను చెయ్యి పెట్టనన్నాడు. ఆ మూత ఎక్కడుందో ఎవడికి తెలుసు? ఏళ్ల తరబడి మట్టి, గడ్డి కమ్మేసి లోపలికెళ్లిపోయింది. మునిసిపాలిటీ మనిషి వచ్చి, వెతికే సాధనం రిపేరుకెళ్లిందని చెప్పి, గడ్డపారతో అక్కడా ఇక్కడా పొడిచి, సోమవారం తవ్వే బండి తెస్తాం, పట్టీ మొత్తం లేపేస్తే అదే కనపడుతుందిలే అని చల్లగా చెప్పి పోయాడు. గడ్డి మళ్లీ ఎవరు వేస్తారంటే, ఇంటావిడే వేసుకోవాలట.

శనివారం సాయంత్రం ఎండ కాస్త వాలాక ఆర్డిత్ వరండాలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు ఒలుస్తోంది. ఆదివారం చర్చి భోజనానికి ఆ పని ఆవిడకి ఒప్పజెప్పారు. సాయానికి పక్కింట్లో ఉండే మరిది నార్బర్ట్ వచ్చాడు. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి నార్బర్ట్. వాతావరణం గురించి రేడియో చెప్పింది కూడా నమ్ముతాడు. ఎదురింట్లోంచి టోన్యా కూడా వచ్చింది, ఆస్పత్రిలో నర్సు, ఊళ్లోనే ఇంకో వీధి నుంచి ఈ ఎండాకాలమే ఇటు మారింది. కొత్త మనిషి కదా, తక్కువ మాట్లాడుతోంది, ఎక్కువ ఒలుస్తోంది.

అప్పుడొచ్చాడు వెర్లిన్, భుజమ్మీద మిషను వేసుకుని. నేలలో లోహం ఏదన్నా ఉంటే కూత పెట్టే మిషను అది, పొడుగాటి కర్ర చివర పళ్లెం ఉంటుంది. కుర్చీల ఫ్యాక్టరీలో పని మానేసినప్పట్నుంచీ వెర్లిన్‌కి అదే లోకం. ఊళ్లో గడ్డిపట్టీలన్నీ తిరిగి, పూర్వం జనం గుర్రబ్బండ్లు దిగేటప్పుడు జేబుల్లోంచి జారిపోయిన వెండి బిళ్లలు ఏరతానంటాడు. ఆర్డిత్ పట్టీ మీద అతనికి ఎప్పట్నుంచో కన్ను. తవ్వే బండి వస్తోందని విన్నాడు. బండి వచ్చిందంటే ఆ మట్టీ, ఆ మట్టిలో ఉన్నదీ లారీలో పోతాయి. అందుకే, ఈ ఒక్క సాయంత్రం తవ్వుకోనిమ్మని అడగడానికి వచ్చాడు. టౌనాఫీసులో కనుక్కుంటే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదన్నారట.

ఆర్డిత్ అవుననలేదు, కాదనలేదు. చేతిలో పొత్తు పక్కన పెట్టి ఒకే మాట అడిగింది.

"నీ మిషను ఇనుము పడుతుందా, వెర్లిన్?"

పడుతుందంటే అప్పుడే ఒప్పేసుకునేది. సరేనన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది కూడా. కానీ వెర్లిన్ మొహం చూస్తే, మారాజుని పట్టుకుని మీరు నేల మీద ఒలకబోసుకు తింటారా అని అడిగినట్టుంది.

"ఇనుమా? మేకులూ, డబ్బా మూతలూ పట్టేవి పిల్లకాయలాడుకునే మిషన్లు. ఇది జాతి మిషను. వెండి తగిలితే పాడుతుంది, బంగారం తగిలితే ఏడుస్తుంది. ఇనుము కనపడిందా, మొహం పక్కకి తిప్పేసుకుంటుంది."

అయితే నాకెందుకు అనుకుని ఆర్డిత్ ఇంకో పొత్తు తీసుకుంది. తవ్వే బండి గోకినా వెర్లిన్ గోకినా గడ్డికి ఒకటే, కుదరదు పొమ్మంది. ఊరుకుంటే వెర్లిన్ ఎందుకవుతాడు? మెట్టు మీద కూలబడి, నా చేతి వాసి నీకు తెలీక అంటున్నావు, చెర్రీ వీధిలో ఏం జరిగిందో వింటే నువ్వే పార తెచ్చిస్తావు అని మొదలెట్టాడు.

"మే నెలలోనండీ, పచ్చరంగు ఇల్లు లేదూ చెర్రీ వీధి మలుపులో, దాని ముందర మేపుల్ చెట్టు కింద మిషను సన్నగా కూసింది. నేను మూడు పక్కలా గడ్డి కోసి పుస్తకం అట్ట తెరిచినట్టు తెరిచాను, నా పనంతా అంత శుభ్రంగా ఉంటుంది, చూస్తే ఒక డైము, పది సెంట్ల బిళ్ల. వెండిది. మా తాతకే తాత అనిపించేంత పాతది. సరే, జేబులో వేసుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఏమైందన్నాడు నార్బర్ట్, అప్పటికే పొత్తు ఒలవడం మానేసి.

ఆ డైము కింద ఇంకో డైము ఉందట. దాని పక్కన ఇంకోటి. మేపుల్ చెట్టు వేరు ఎటు పోతే డైములూ అటే పోతున్నాయట. చంటిపిల్ల గుప్పిట్లో బిళ్ల దాచుకున్నట్టు ఒక్కో వేరూ ఒక్కో డైముని గట్టిగా పట్టుకుని ఉంటే, లాగితే రాలేదట, వెర్లిన్ ఒక్కో వేరుకీ చక్కిలిగింతలు పెట్టి వదిలించాడట. పైన చెట్టు కొమ్మలూపి ఊపి నవ్విందట. ఆ నవ్వుకి ఉడతలు రాలాయట.

"ఉడతలకి దెబ్బ తగల్లేదు కదా?" అన్నాడు నార్బర్ట్.

"టోపీ పట్టాను, అందులో పడ్డాయి. అది కాదు కథ. వేరు చివర గంట తగిలింది. ఇత్తడి గంట. పట్టుకు లాగితే రాదు, లాగిన కొద్దీ మోగుతుంది, మోగిన కొద్దీ నేల దిగుతుంది. దిగీ దిగీ నేను ఎక్కడ కాలు పెట్టానో తెలుసా? ట్రాము బండి టాపు మీద. ఈ ఊళ్లో పూర్వం ట్రాము నడిచేదా లేదా? అది ఎటు పోయిందని ఎవడన్నా అడిగాడా? కింద ఉంది. నిక్షేపంగా ఉంది. దీపాలు వెలుగుతున్నాయి, ఎర్ర మెత్తల సీట్లు, డ్రైవరుకి మీసాలు."

ఆర్డిత్ తలెత్తింది. "ట్రాము దేంతో చేస్తారు వెర్లిన్?"

"ఏం?"

"ఇనుముతో కాదూ? నీ మిషను ఇనుము మొహం చూడదన్నావు."

వెర్లిన్ టోపీ వెనక్కి తోసుకున్నాడు. ఆ ట్రాముకి వెండి పూత ఉందన్నాడు. ఆ రోజుల్లో అలాగే వేసేవారన్నాడు. అవునవును, ఆ రోజుల్లో సరుకు గట్టిదని నార్బర్ట్ వంత పాడాడు. ఇక వెర్లిన్‌ని ఆపేదెవరు. డ్రైవరు టికెట్టు అడిగాడట, ఎంతంటే ఒక డైమన్నాడట, ఇలాంటిదానికేగా దేవుడు ఇచ్చాడని స్టాపు స్టాపుకీ ఒక్కో డైమూ తీసి ఇచ్చాడట. లోపల పెద్ద పెద్ద టోపీలు పెట్టుకున్న ఆడాళ్లు కూర్చుని, బాబూ పైన గుడ్లు ఎలా ఇస్తున్నారు అనడిగితే ధర చెప్పాడట. ఒకావిడ మూర్ఛపోయింది. ఆవిడకి విసరడానికి మిగతా టోపీలన్నీ తీయాల్సొచ్చింది.

"అలా పోయి పోయి, ఆర్డిత్, సరిగ్గా ఈ వరండా కిందకే వచ్చాం. పైన నీ కుర్చీ కిర్రుమనడం వినపడింది నాకు. ట్రాము మళ్లించేది ఇక్కడే. డ్రైవరు డైముల పెట్టె దించి పెట్టింది నీ గడ్డిపట్టీ కింద. ఉత్తి మాట కాదు, నా కళ్లతో చూశాను."

నార్బర్ట్ మెల్లగా కాళ్లు రెండూ నేల మీంచి తీసి కుర్చీలో పెట్టుకున్నాడు. ఆర్డిత్ మాత్రం పొత్తుకంటిన పీచు దులిపి, కింద పైపు కారడం కూడా వినపడి ఉంటుంది అప్పుడే చెప్పకపోయావా అంది.

కథ పాకాన పడింది కదా, వెర్లిన్ లేచి నిలబడ్డాడు. తిరుగు దారిలో ట్రాముకి బ్రేకు పడలేదట, పోయి పోయి ఏటి అడుక్కి గుద్దుకుందట, ఏరు ఏరంతా సొరంగంలోకి దూరి, వెర్లిన్‌ని వచ్చిన కంతలోంచే పైకి తన్నిందట. మేపుల్ చెట్టు దాటాడు. చర్చి గోపురం దాటాడు, దాని మీద కోడిపుంజు బొమ్మకి తుప్పు పట్టిందని కూడా గమనించాడు. పక్క జిల్లాలో ఎవరో బట్టలారేస్తుంటే వానొస్తుందమ్మా తీసెయ్యమని కేకేశాడు. తర్వాత ఆ నీళ్ల మీదే, మెట్లు దిగినట్టు, తాపీగా ఒక్కో కాలూ వేసుకుంటూ దిగాడు. బూటుకో చేప. చేతిలో మిషను మాత్రం పొడిపొడిగా ఉంది.

"నేల మీద కాలు పెట్టాను. వీధి వీధంతా గుమిగూడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అంది టోన్యా.

అంతసేపూ నోరెత్తని మనిషి అనేసరికి అందరూ అటు తిరిగారు. ఆ ప్రశ్నకి జవాబిచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

"ఆ తర్వాత నీళ్లు ఆగిపోయాయి. ఆ పచ్చింటి మేడ మీద వాటాలో ఉండేదాన్ని నేను. రాత్రి డ్యూటీ చేసొచ్చి తల నిండా షాంపూ రాసుకున్నా. కుళాయి దగ్గింది, చచ్చింది. కిటికీలోంచి చూస్తే గడ్డిలో నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. ఒకాయన వాటి మీద కూర్చుని ఆపడానికి చూస్తున్నాడు. టోపీ ఇదే. మిషను పక్కన పడి గోల పెడుతోంది. వాల్వు మూత చూసి ఏ పెట్టో అనుకుని పారతో లేపడమే కాదు, లోపల పిడి కూడా తిప్పి విరగ్గొట్టారు మీరు. నేను తియ్యటి అల్లం సోడాతో తల కడుక్కున్నా. ఆ రోజంతా నా వెనక ఈగలు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే వెర్లిన్‌కి నయంగా ఉండేది. చెవులు ఎర్రగా అయిపోయి, టోపీ తీసి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి ఉడతలు?" అన్నాడు నార్బర్ట్, గొంతు చిన్నబోయి.

ఆర్డిత్ మనసు ఉడతల మీద లేదు. ఆ మూత గడ్డి మీద కనపడుతూ ఉండేదా అని టోన్యాని అడిగింది. లేదు, అక్కడొకటుందని ఇంటాయనకే తెలీదు, మునిసిపాలిటీ వాళ్లు కూడా ఇదెలా పట్టాడ్రా అని నోరెళ్లబెట్టారంది టోన్యా. ఆర్డిత్ ఒళ్లోంచి పీచు దులుపుకుని లేచి, వెర్లిన్ ఎదురుగా నిలబడింది.

"ఇంకొక్కసారి అడుగుతా. నీ మిషను ఇనుము పడుతుందా?"

వెర్లిన్ గడ్డి వైపు చూశాడు. నార్బర్ట్ వైపు చూశాడు, ఆ మనిషి ఇంకా కాళ్లు కుర్చీలోనే పెట్టుకుని ఉన్నాడు. అవునంటే పాటా పోతుంది, ఏడుపూ పోతుంది, ట్రామూ పోతుంది. కాదంటే సోమవారం గడ్డి పోతుంది, అందులో ఉన్నదీ పోతుంది.

"అది పట్టేదే ఇనుము," అన్నాడు చివరికి. "ఇంకోటి పట్టమంటేనే తంటా."

"వెండి ఎప్పుడన్నా పట్టిందా?"

వెర్లిన్ చొక్కా జేబులోంచి ఒక బిళ్ల తీసి చూపించాడు. అరిగి పల్చబడిన డైము. చెర్రీ వీధిలో నిజంగా దొరికింది అదొక్కటే. ఆర్డిత్ చూసి, బాగుందని తిరిగి ఇచ్చేసింది.

"వెళ్లి మూత పట్టు. మూత ఒక్కటే, పిడి జోలికి వెళ్లావో ఈ పొత్తులన్నీ నీ నెత్తిన ఒలుస్తా. మూత దొరికితే మిగతా పట్టీ అంతా వెతుక్కో. కోసిన గడ్డిచెక్క కోసినట్టు పెట్టి నీళ్లు పొయ్యాలి. నీళ్లకి కింద బకెట్టుంది."

మునిసిపాలిటీ మనిషి పొడిచిన చోట్లన్నిటికీ దూరంగా, ఫుట్‌పాత్ అంచున, మిషను ఒక్కసారిగా పొయ్యి మీద పిల్లిలా అరిచింది. వెర్లిన్ మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని మూడు పక్కలా కోసి తెరిచాడు. నిజంగానే పుస్తకం అట్టలా తెరిచాడు, ఆ మాటలో మాత్రం కోతలు లేవు. తుప్పు పట్టిన గుండ్రటి మూత బయటపడింది. ఇక తవ్వే బండితో పనిలేదు, ఆర్డిత్ అప్పుడే లోపలికెళ్లి ప్లంబరుకి ఫోను చేసొచ్చి, మళ్లీ పొత్తుల ముందు కూర్చుంది.

నార్బర్ట్ వెళ్లి నేల మీద బోర్లా పడుకుని మూతకి చెవి ఆనించాడు. కాసేపు విన్నాడు.

"ఆర్డిత్, లోపల ఏదో చప్పుడవుతోంది."

వెర్లిన్ నడుం మెల్లగా నిటారైంది. కళ్లలో వెలుగొచ్చింది. "అవదూ మరి," అన్నాడు, "సాయంత్రం ట్రాము బండి వచ్చే వేళ..."

ఆర్డిత్ తల ఎత్తలేదు. పొత్తు తొక్క సర్రున లాగింది.

"ట్రామైతే ఎక్కిపో వెర్లిన్. టికెట్టుకి డైము నీ జేబులోనే ఉందిగా."