గుండుకు పట్టిన తుప్పు

మధ్యాహ్నం, లేత్ షెడ్డు. తండ్రి, షాట్‌పుట్ పోటీకి విదేశం వెళ్ళి నిన్ననే తిరిగొచ్చిన కూతురు.

“తూచకుండా నాలుగు కిలోలని రాసెయ్యమ్మా. స్కూలు బీరువాలో పెట్టే గుండుకి తూకమెందుకు?”

“పక్కన చీటీ అంటిస్తారట నాన్నా. తూచి రాయమన్నారు హెడ్మాస్టరు.”

“అది ఇనప పొట్టు తూచే కాటా. దానికేం తెలుస్తుంది.”

“నువ్వు చేసిచ్చిన గుండు, పదకొండేళ్ళు విసిరాను. ఇంక విసరను కదా, ఒక్కసారి తూచి ఇచ్చేస్తాను. జరుగు.”

“విసరనని ఎందుకంటావ్? వెళ్ళేముందు పెరట్లో పద్దెనిమిది మీటర్లు దాటించావుగా.”

“పెరట్లో. అక్కడ పదహారున్నర. కిందటేడూ అంతే, ఆ ముందటేడూ అంతే.”

“గాలి పడదేమో.”

“గుమ్మం దాటితే చాలు, బయటి గుండ్లన్నీ బరువే. కోచ్‌కి చెబితే, అది గుండు బరువు కాదమ్మా, భయం బరువు అన్నాడు. డాక్టరు దగ్గరికి పంపాడు. మూడు నెలలు కళ్ళు మూయించి కూర్చోబెట్టారు.”

“ఏం కనపడింది?”

“ఏం కనపడుతుంది, నిద్రొచ్చింది. జరుగు నాన్నా.”

“టీ తాగి తూచుకో.”

“మూడు కిలోల ఆరొందల ఇరవై.”

“కాటా పోయింది.”

“నీ కిలో రాయి పెట్టి చూశా. కిలోయే చూపిస్తోంది.”

“అయితే తుప్పే. ఏడాదికోసారి లేత్ మీద పెట్టి తుప్పు తీస్తున్నా కదా.”

“మూడొందల ఎనభై గ్రాముల తుప్పా?”

“ఉండదా?”

“నాన్నా. ఇటు చూడు.”

“ఏటా కాస్త కాస్త. నలభై గ్రాములు మించి ఎప్పుడూ తియ్యలేదు, ఒట్టు.”

“ఎందుకు?”

“రెండో ఏడు నీ దూరం జానెడు తగ్గింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మానేస్తానన్నావు. చేతిలో లేత్ ఉంది, ఏం చెయ్యను?”

“చెప్పొచ్చుగా.”

“చెబుదామనే అనుకున్నా. ఇంతలో నిన్ను జట్టులోకి తీసుకున్నారు. విమానం ఎక్కబోయే పిల్లకి ఏమని చెబుతాను, నీ గుండు తేలికని?”

“అంటే నేను బెదరలేదు.”

“నువ్వా? ఎనిమిదేళ్ళప్పుడే తిరుగుతున్న మిషన్ మీద చెయ్యి పెట్టబోయావు. నీకు బెదురెక్కడిది.”

“అయితే ఆ పదహారున్నర నాదే. నిజం గుండుతో.”

“నీదే. మొదటి పోటీలో పన్నెండున్నర వేశావు. ఆ పైన నాలుగు మీటర్లు నేను చెక్కింది కాదమ్మా.”

“ఊఁ.”

“ఇంకోటి చేస్తాను. ఈసారి నాలుగు కిలోల రెండొందలు. తుప్పు పట్టినా ముట్టుకోను. మానెయ్యకు తల్లీ.”

“పొద్దున్నే క్రీడల ఆఫీసులో ఇచ్చేశాను నాన్నా, మానేస్తున్నానని కాగితం. కారణం దగ్గర భయం అని రాశాను.”

“ఆఫీసు ఎన్నింటిదాకా?”

“అయిదింటిదాకా. వెళ్ళి ఏమని అడగను?”

“కారణం తప్పు పడిందని చెప్పు. ఆ భయం నాది కాదు, మా నాన్నదని చెప్పు. గుండు నువ్వు తీసుకో. కాటా నేను మోస్తాను, ఊరికే చెబితే నమ్మరు.”