బఖ్తో తందూరు, చౌధరి ముక్కు

బఖ్తో అని ఒకావిడంట. అయిదు నదుల దేశం పంజాబులో, చీనాబు ఒడ్డున ఒక ఊళ్లో ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా ఒక్క తందూరు. తందూరంటే నిలువెత్తు కుండని భూమిలో పాతి, లోపల మంటేసి, దాని గోడకి రొట్టెలు కొడతారన్నమాట. బఖ్తో తందూరు అలాంటిలాంటిది కాదు, అది రాజుకుందంటే ఆకాశాన పోయే కొంగలు రెక్కలతో చెమట తుడుచుకునేవంట! ఊరు ఊరంతా పిండి కలుపుకుని అక్కడికే తెచ్చేది. ముసల్మానులు, సిక్కులు, హిందువులు, నేతవాళ్లు, తోలుపనివాళ్లు, అందరూ. కాల్చిపెట్టినందుకు కూలి ఇంటికి నిమ్మకాయంత పిండిముద్ద. ఆ ముద్దలన్నీ ఒకచోట వేసి పిసికి, ఆఖర్న రొట్టెలు చేసుకునేది. అదే ఆవిడ తిండి.

ఏమైందంటే, ఒక చలికాలం పొద్దున ఓ ఫకీరొచ్చి ఆ పొయ్యి పక్కన వెచ్చగా కూలబడ్డాడు. లోయీ షా అంటారు. లోయీ అంటే వాళ్ల మాటలో కంబళి. ఆ కంబళికి వెయ్యి అతుకులని ఎవరైనా చెబితే నమ్మకండి, వెయ్యిన్నొకటి. పట్నంలో ఖాజీగారి కొడుకంట, మూడు ఒంటెలు మోసేన్ని పుస్తకాలు చదివి, దేవుడు వాటిల్లో దొరక్క ఇల్లొదిలి తిరుగుతున్నాడంట. బఖ్తో జాలిపడి తన రొట్టెలో సగం పెట్టింది. తింటూ అడిగాడంట, ఎవరింటి పిండి తల్లీ ఇది అని. "ఎవరిదని చెప్పను సాయీ? అందరిదీను" అంది. అక్కడ ఫకీరుని సాయీ అనే పిలుస్తారు. అంతే, ఫకీరుకి ఏడుపు! ఆ కన్నీళ్లకి చీనాబు జానెడు పెరిగింది. రెండు జానలనేవాళ్లూ ఉన్నారు, నేను తగ్గించే చెబుతున్నా. "మూడు ఒంటెలకి దొరకని మాట నీ పొయ్యి దగ్గర దొరికింది తల్లీ" అని అక్కడే ఉండిపోయాడు. ఇరవయ్యేళ్లు! రోజూ పొద్దున్నే పత్తికట్టె మోసుకొచ్చి పొయ్యి రాజేసేవాడు. శిష్యుణ్ణవుతాను స్వామీ అని ఎవరొచ్చినా, ముందా కలిపిన రొట్టె తిను అనేవాడంట. తిన్నవాడు శిష్యుడు, తిననివాడు తిరుగుదారి పట్టేవాడు. ఆయన చెప్పిన బోధ మొత్తం అంతే అనుకో.

ఆ ఊరికి పెద్ద బహల్ ఖాన్ చౌధరి. ఆయన కూతుర్నిచ్చిన వియ్యాలవారొచ్చి, "మీ ఇంటి రొట్టే, తోలుపనివాళ్ల రొట్టే ఒకే పొయ్యిలోనా?" అని ముక్కు మూసుకున్నారంట. ఇంకేం! చౌధరి గుర్రమెక్కి, కర్ర పట్టుకుని తందూరు మీదికొచ్చాడు. "ఏమే బఖ్తో, రేపణ్ణుంచి తోలుపనివాళ్ల పిండి దీన్లో పడిందా, పొయ్యి పగలగొట్టిస్తా!" బఖ్తోకి వాళ్లని పొమ్మందామంటే నోరు రాదు, పొయ్యి పోతే బతుకు లేదు. అప్పుడు సాయి లేచి, "వాళ్ల రొట్టె వేరని తెలుస్తుందా చౌధరీ?" అన్నాడు. "తెలియకేం? నా గోధుమ వాసన మూడు కోసుల అవతల నుంచి పడతాను!" "అయితే పట్టు. నీ రొట్టె ఏదో, వాళ్లదేదో పోల్చావంటే ఈ తందూరు నేనే పగలగొడతా" అన్నాడు సాయి. బఖ్తో లబలబలాడింది, "సాయీ! నా పొయ్యి పందెం కాయడానికి నువ్వెవరయ్యా!"

ఏం చేస్తుంది, కాల్చింది. ఏడిళ్ల పిండితో ఏడు రొట్టెలు, చాపమీద వరసగా పెట్టింది. పిండి తెచ్చినవాళ్లంతా, చౌధరి భార్యతో సహా, చుట్టూ మూగారు. ఏది ఎవరిదో ఆవిడకే తెలుసు. చౌధరి వంగాడు, పీల్చాడు. ఆ పీల్పుకి చాప లేచింది! మొదటి రొట్టె దగ్గరే "ఛీ, పురుగుపట్టిన వాసన, తోలుపనివాళ్లది ఇదే" అని విసిరికొట్టాడు. ఆరోదాని దగ్గరికొచ్చేసరికి మొహం వెలిగిపోయింది. "ఇదీ! నా మోటబావి కింది చేలో పండిన గోధుమ! ఒట్టు!" అని సగం తుంచి నోట్లో పెట్టేసుకున్నాడు. ఇక బఖ్తో చెప్పాలి. అవునంటే పొయ్యి పోతుంది, కాదంటే చౌధరి పరువు పోయి, ఆ కోపానికీ పొయ్యే పోతుంది. సాయి వైపు చూసింది. ఆయన మంట వైపు చూస్తున్నాడు. ఎలాగూ పోయేదే అనుకుని నిజం చెప్పేసింది. "మీరు తిన్నది తోలుపని రక్ఖీ రొట్టె దొరా. విసిరేసింది మీ ఇంటిది."

"అబద్ధం! నా ముక్కు తప్పదు!" అని అరవబోయాడు, నోరు నిండా రొట్టె. జనంలోంచి రక్ఖీ ముందుకొచ్చింది. "తప్పలేదు దొరా. మీ మోట తోలు కుట్టాడని మొన్న కళ్లంలో మా ఆయనకి కూలిగింజలు, మేర, మీరే కొలిపించారు. అది మీ చేలో గోధుమే." మరి మా ఇంటిదేంటి అలా ఉందన్నట్టు భార్య వైపు తిరిగాడు. ఆవిడ ముసుగులోంచే అంది, "కొత్త గోధుమ సంతకి దాచి, పాతది తిరగట్లో విసురుకోమన్నది మీరు కాదూ?" నవ్వాలో పారిపోవాలో జనానికి తెలియలేదు. అప్పుడు సాయి మెల్లగా, "నీ ముక్కు ఒక్క తప్పూ చెయ్యలేదు చౌధరీ. చేను నీది, మోట నీది, అది కుట్టిన చెయ్యి రక్ఖీ మొగుడిది, ఆ నీటితో పండిన గోధుమ రొట్టెని నీ ముక్కే మాది అంది. వియ్యాలవారి మాటెందుకు, నీ ముక్కు మాట విను" అన్నాడు. చౌధరి కర్ర పైకెత్తాడు. బఖ్తో కళ్లు మూసుకుంది. ముందు నమిలిన చప్పుడు, మింగిన చప్పుడు. ఆ తర్వాత, "బఖ్తో, ఇలాంటిది ఇంకోటుందా?"

ఆ తందూరు పక్కనే సాయి సమాధి ఉందంట. ఉర్సు రోజున మిఠాయిలుండవు, ఇంటికో నిమ్మకాయంత పిండిముద్ద తెస్తారు, అన్నీ కలిపి కాలుస్తారు, చౌధరి మనవలే వడ్డిస్తారు. మా తాతది ఎంత గొప్ప ముక్కో అని వచ్చినవాళ్లకల్లా చెబుతారంట, విసిరేసిన రొట్టె సంగతి మాత్రం మింగేస్తారు. నేనలా కాదయ్యా, ఏదీ మింగను. ఉన్నదున్నట్టే చెప్పా, కొంగల చెమటతో సహా.