కోటు మీద రెండో పేరు

మెడికల్ కాలేజీ ఎదుటి పుస్తకాల కొట్టుకి, అనాటమీ హాలులో ఇరవై ఏళ్లు శవాలు సర్దిన ఆవిడ ఆ కాలేజీలోనే సీటొచ్చిన కూతురికి పుస్తకాలు కొనడానికి వచ్చింది. కొట్టతను ఓ పల్చటి పుస్తకం దులిపి ముందు పెట్టాడు.

“ఫస్టియరుకి ఈ గైడు చాలమ్మా. అందరూ దీన్నే బట్టీ కొడతారు.”

“బట్టీ కొట్టే రకం కాదులే బాబూ. ఆ పైనున్న లావుపాటిది దించు. అందులో ఊపిరితిత్తుల బొమ్మ ఏదీ?”

“ఇదిగో. ఏం, అమ్మాయికి ఆ పాఠమంటే భయమా?”

“భయం ప్రొఫెసరుకి ఉండాలి. ఓరోజు క్లాసులో ఊపిరితిత్తి పైకెత్తి, ఎడమది అన్నాడు. మూడు భాగాలుంటే కుడిది కదా సార్ అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు. ఊడ్చేదానికి పాఠాలెందుకని మర్నాడే నన్ను పనిలోంచి పీకేశాడు.”

కొట్టతను ఆ పేజీలో రిబ్బను పెట్టాడు.

“ఆయన ఇంకా అక్కడే ఉన్నారుగా అమ్మా?”

“ఉన్నాడు. నా కూతురు ముందు బెంచీలోనే కూర్చుంటుంది. ఎముకల సెట్టు, గ్లౌజులు, తెల్లకోటు కూడా ఇవ్వు.”

“కోటు జేబు మీద పేరు కుట్టిస్తాం. ఏం కుట్టమంటారు?”

ఆవిడ సంచిలోంచి చీటీ తీసిచ్చింది. అతను రెండుసార్లు చదివాడు.

“కింద ఈ రెండో పేరు ఎవరిది?”

“నాది.”

“కోటు మీద తల్లి పేరు ఎవరూ కుట్టించుకోరమ్మా! అమ్మాయి సిగ్గుపడదూ?”

“ఆ చీటీ రాసిందే అది బాబూ. నా పేరు కాస్త పెద్దక్షరాల్లో కుట్టమంది. ఆ ప్రొఫెసరుగారికి చత్వారం వచ్చిందట.”