రెండు తాళాల పెట్టె

అయ్యలారా, అమ్మలారా! గుడియాత్తం నేతగాళ్లకూ, పరదరామి రైతులకూ, చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లకూ నమస్కారం. వరదప్ప బతికి ఉండగా ఇంతమందిమి ఆయన ఇంటి ముందు ఇలా చేరి ఉంటే ఎంత బాగుండేది! చేరలేదు. ఇప్పుడు మనమందరం ఉన్నాం, ఆయన లేడు. నేను మన నాటక సమాజంలో హార్మోనియం వాయించే మునికృష్ణను. సభల్లో మాట్లాడటం నాకు అలవాటు లేదు. మధ్యలో తడబడితే కాస్త ఓర్చుకోండి.

వరదప్ప ఎవరు? వేషం కట్టాడా? లేదు. పద్యం పాడాడా? అదీ లేదు. పగలు మగ్గం నేసేవాడు. సాయంత్రాలు మన రాజులకు అంగీలు, రాణులకు పాదాల మీద జీరాడే పొడవాటి గౌనులు చేత్తో కుట్టేవాడు. కుట్టడం ఏమంత పని కాదనీ, దాచడమే పని అనీ ఆయనే అనేవాడు. ఆట ముగియగానే మనం అన్నాలకు పరిగెత్తేవాళ్లం. ఆయన ఒక్కో గౌనునూ లోపలి వైపు పైకి తిప్పి, చెమట ఆరేదాకా గాలికి వేలాడదీసేవాడు. జరీకి జరీ తగలకుండా మధ్యలో పాత పంచె గుడ్డ పరిచేవాడు. పోయినసారి మడత పడిన చోట మళ్లీ పడకుండా మడిచి, పురుగు చేరకుండా వసకొమ్ములు వేసి పెట్టెలో పెట్టేవాడు. ఆయనకని ఎవరైనా అన్నం తీసిపెట్టారా? ఆయన భార్య తంగమ్మ తప్ప ఎవరూ పెట్టలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు గుర్తుందా? ఊరేగింపులో భరతమాత వేషానికి ఆయన కుట్టిన తెల్ల గౌను అడిగి తీసుకున్నాం. మన కుర్రాళ్లు నేతగాళ్ల బిడ్డలు కదా, గుడ్డ అంటే గంజి ఉండాలి వాళ్లకు! మర్నాడు దాన్ని ఉతికి, చిక్కటి గంజి పెట్టి, అట్టలా ఇస్త్రీ చేసి, మర్యాదగా పళ్లెంలో పెట్టి ఇచ్చారు. వరదప్ప తల పట్టుకున్నాడు. "గంజి పెట్టి పెట్టెలో ఏసేది, పురుగుకి సద్ది కట్టిచ్చినట్టే గదప్పా!" అన్నాడు. ఊరు ఇంకా మిఠాయిలు పంచుకుంటూనే ఉంది. ఆయన బావి దగ్గర కూర్చుని గంజి వదిలేదాకా జాడించాడు. మేం నవ్వాం. ఆయనా నవ్వాడు.

తర్వాత ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. చిత్తూరు అటు పోయింది, గుడియాత్తం ఇటు తమిళ దేశంలోనే ఉండిపోయింది. సర్కారు గీత గీసింది, సరే. నాటక సమాజాన్ని కూడా చీల్చమని సర్కారు చెప్పిందా? వేషాల పెట్టె మాదంటే మాదని కొట్లాడి, చివరికి ఏం చేశారు? రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి అటువాళ్లకు, ఒకటి ఇటువాళ్లకు. ఇద్దరూ వస్తే తప్ప తెరవకూడదని కర్పూరం వెలిగించి వరదప్ప చేత ఒట్టు వేయించారు. పెట్టె ఆయన ఇంట్లో ఉంది, తాళంచెవి మాత్రం ఆయన చేతిలో లేదు. అయ్యలారా, ఇది పెద్దమనుషులు చేసే పనేనా? కోపం వస్తే సభ అయ్యాక వచ్చి నన్ను తిట్టండి.

వానలు వచ్చాయి. వరదప్ప చిత్తూరు పోయి, బట్టలకు చెమ్మ పడుతుంది, ఒక్కసారి వచ్చి తెరవండని మొక్కాడు. ముందు వాళ్లను రానీ అన్నారు. ఇక్కడికొచ్చి మొక్కాడు. ఇక్కడా అదే మాట. పెట్టెను ఇటుకల మీదికెత్తి, ముసురు రోజుల్లో పక్కన కుంపటి పెట్టుకుని కూర్చున్నాడు. తాళాలు పగలగొట్టు వరదప్పా అని నేనే చెప్పాను. "కర్పూరం మింద చెయ్యి పెట్టినాను నాయనా, ఎట్ల పగలగొట్టేది?" అన్నాడు. ఆ వానకాలం పోయింది. మరుసటి వానకాలం కూడా పోయింది.

మొన్న విరించిపురంలో ఆటకు పిలుపు వచ్చాక ఇరువైపుల వాళ్లకూ తీరిక దొరికింది. తాళాలు తీశారు. వరదప్ప రాణి గౌనును భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తాడు. భుజాలే చేతికొచ్చాయి. కింది కుచ్చిళ్లన్నీ చెదలు తినేయగా, పొడిపొడిగా పెట్టెలోనే మిగిలాయి. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈ రోజు నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఒక్కో ముక్కా ఏరి నేల మీద పేర్చుకుంటూ పోయాడు. ఒక్క నీలం గౌను మాత్రం బాగుంది. దాన్ని దులిపి దండెం మీద వేశాడు. ఆ తర్వాత ఆయన నేయడానికి మగ్గం గుంటలోకి దిగలేదు. జ్వరమని వైద్యుడు చెప్పాడు. మంచంలో కూడా "ఎండ ఉండాదా? ఆరేసినారా?" అనే అడిగేవాడు. ఏమని చెప్పను? ఆరేయడానికి ఏం మిగిలిందని చెప్పను?

ఆయన్ను తీసుకుపోయేటప్పుడు మనవాళ్లు ఆ నీలం గౌను తెచ్చి పాడె మీద కప్పబోయారు. గౌరవమనుకున్నారు. తంగమ్మ అంత దుఃఖంలోనూ లేచి వచ్చి లాక్కుంది. "మట్టిలో పెట్టేదానికా ఆయన దీన్ని కాపాడింది? ఇడవండి!" అంది. లోపలికి తీసుకుపోయింది. అటువాళ్లకూ ఇవ్వలేదు, ఇటువాళ్లకూ ఇవ్వలేదు. మనలో ఎవరిని నమ్మి ఇస్తుంది?

లేవండి. చిత్తూరు వాళ్లు ఒక పక్క, గుడియాత్తం వాళ్లు ఒక పక్క వద్దు. కలిసి నిలబడండి. తంగమ్మ గడప లోపల కూర్చుని మనల్నే చూస్తోంది. ఆయన కోసం కాసేపైనా మాట లేకుండా ఒక్కచోట నిలబడగలమో లేదో, ఆమెను చూడనివ్వండి.