ఎడమచేతి కత్తెర

హలో… ఆ, నేనేనోయ్ పిచ్చుకా, మీ బావని. పనిలో ఉన్నావా?

… వినబడుతోందిలే, టేపు చీరే చప్పుడు. పార్సిళ్ళు ఎక్కువొచ్చాయా ఇవాళ?… సర్లే, చేత్తో సర్దుకుంటూ చెవితో విను. కాసేపు చాలు.

ఆ, బాగానే ఉన్నాను. కన్ను నయమే. ఎదురింటి నర్సమ్మ పొద్దున్నే వచ్చి చుక్కలు వేసి వెళ్తోంది, అడక్కుండానే. చుక్క పడగానే 'అయిపోయింది' అంటుంది చూడు, ఆ మాటకే సగం మంట తగ్గుతుంది.

నాలుగున్నర. నీ గడియారంలో?… అదే. ఐదింటిలోపు నువ్వొక పని చేసిపెట్టాలి.

మన సైటు ఉందిగా… అదేనోయ్, ఏదైనా రాసి పెడితే చదివినవాళ్ళు ఓట్లేస్తారు, ఓట్లకి క్రిప్టో నాణేలు రాలతాయి అని నువ్వే నన్ను చేర్పించావు, ఆ సైటు. అందులో నా కుట్టుపని పాఠాలు పొద్దున కనబడకుండా మసకేసేశారు. నలభైలో ముప్ఫై తొమ్మిది. ఒక్కొక్కదాని నెత్తిన 'కాపీ' అని ఎర్రముద్ర.

… నవ్వు, ఫరవాలేదు. నేనూ మొదట నవ్వాను. ఉద్యోగమంతా కాలేజీ లైబ్రరీలో కూర్చుని పుస్తకాల మీద ముద్రలు కొట్టినవాణ్ణి. చివరికి నా వీపునే ముద్ర.

వాళ్ళకి రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. ఈ పాఠాలు మీకంటే ముందే వేరే పేజీలో ఉన్నాయి, తేదీలు చూసుకోండి అన్నారు. ఆ పేజీ యజమాని ఐదింటిలోపు 'ఇవి ఈయన రాసినవే' అని ఒక్క ముక్క రాస్తే ముద్ర తీసేస్తారట. రాయకపోతే అకౌంటు మూసేస్తారట. మూస్తే పాఠాలూ పోతాయి, కింద జనం రాసిన మాటలూ పోతాయి.

… ఆ, పంపించారు. ఆ పేజీ లింకు కూడా పంపించారు. నొక్కాను.

… పిచ్చుకా? లైన్లో ఉన్నావా?

ఆ. నొక్కాను. పైన పిచ్చుక బొమ్మ ఉంది.

… ఊఁ… ఊఁ… చెప్పు, వింటూనే ఉన్నాను.

అంటే… నేను మీ అక్క పోయాక మిగిలిన కొలతల పుస్తకాల్లో, వెనక ఖాళీ పేజీల మీద రాసి ఫోటోలు పంపితే, నువ్వు టైపు చేసి, నాకు పంపేముందే నీ పేజీలో పెట్టుకునేవాడివి. పెట్టుకుని ఆ లింకు తీసుకెళ్ళి సైట్లో వేసేవాడివి… రోజుకి రెండుసార్లు. మొదటి పాఠం నుంచీనా?… రెండోదాన్నుంచి. పోనీలే, ఒకటైనా వదిలావు.

ప్రచారమా? నాకా?… ఎవరికి ప్రచారం, నా పేరే లేదుగా అందులో.

కాదు, లింకులు వెయ్యడం తప్పని నేనెప్పుడన్నాను? మంచిది ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడూ కావాలి. నా ఉద్యోగమే అది కదా, ఫలానా పుస్తకం ఫలానా అరలో ఉంది, తీసుకోండి అని చూపించడం. అయితే ఏ రోజూ అట్ట మీద నా పేరు రాసుకోలేదు. నువ్వు నా పోస్టుకి లింకు వేసుకుని ఉంటే, దానికి నాకంటే నీకే ఎక్కువ నాణేలు రాలినా, సంతోషించేవాణ్ణి… నీ సంగతే తీసుకో. పార్సిలు మోస్తావు, కూలి తీసుకుంటావు, న్యాయం. పంపినవాడి పేరు గీకేసి నీ పేరు రాసుకుంటే మీ ఆఫీసులో దాన్నేమంటారు?

… ఆ మాట నువ్వన్నావు. నేను అనలేదు.

సరే, అయిందేదో అయింది. ఇప్పుడు ఆ ఒక్క ముక్క రాసెయ్. నేను లైన్లోనే ఉంటాను.

… ఏ గుంపు?… పాతికమందీ ఒకరి లింకుకి ఒకరు ఓట్లేసుకుంటారా. చదవకుండానేనా?… చదివితే టైము చాలదు. నిజమే, గాడిద గానానికి ఒంటె తల ఊపాలంటే పాట వినక్కర్లేదు… సరే సరే, ఎగతాళి చెయ్యను. ఒప్పుకుంటే నీ పేజీకీ ముద్ర పడుతుంది, గుంపులోంచి నిన్ను తీసేస్తారు. అర్థమైంది.

వద్దు… నాణేల్లో సగం వద్దన్నానా. మొత్తం కూడా వద్దు. కావాలంటే నా అకౌంటులో ఉన్నవి కూడా తీసేసుకో, దాని తాళం, ఆ పాస్‌వర్డు, నీ దగ్గరే ఉందిగా. నేను నాణేల కోసం ఫోన్ చెయ్యలేదు.

మరి దేనికా?

పొద్దుటినుంచీ నీ పేజీ చదివాను, ఒంటికన్నుతో. 'మా ఆవిడ చెప్పేది' అని నేను రాసిన ప్రతిచోటా 'నా అనుభవంలో' అని ఉంది. చిన్నప్పుడు సూదిలో నీలిదారం ఎక్కించమంటే తడిపి తడిపి నీ నాలుక నీలంగా అయ్యేది కానీ దారం ఎక్కేది కాదు. ఆ అనుభవమా?

… తిట్టడం లేదు. గుర్తు చేస్తున్నాను.

పోనీ అదీ వదిలెయ్. పదకొండో పాఠం, కత్తెర పాఠం. నువ్వు టైపు చేసి పంపినప్పుడు 'కత్తెర కుడిచేతిలో' అని వచ్చింది. నీ వేలు జారిందనుకుని, దిద్ది, 'ఎడమచేతిలో' అని పెట్టుకున్నాను… జారలేదా?… నేనే పొరపాటున రాశానని నువ్వు సరిచేశావా. ఓహో.

సైటువాళ్ళ తీర్పు చదువుతాను, ఆగు. కళ్ళజోడు… ఆ. 'తొంభై ఆరు శాతం యథాతథం. మిగిలినచోట్ల కాపీ కొట్టినట్టు తెలియకుండా రెండు రకాల మార్పులు చేశారు. నా అనుభవంలో అన్నచోట మా ఆవిడ చెప్పేది అని చేర్చారు. కుడి అన్నచోట ఎడమ అని మార్చారు.'

విన్నావా? దొంగతనం దాచుకోవడానికి లేని పెళ్ళాన్ని తెచ్చి పెట్టానన్నమాట. ఎడమచెయ్యి ఒకటి అతికించి మరీ.

… యంత్రం తీర్పేలే. దానికేం తెలుసు, అది మీ అక్కని చూడలేదు. నువ్వు చూశావు.

ఎందుకు దిద్దావు పిచ్చుకా?… అందరూ కుడిచేత్తోనే కదా కోస్తారు. మరి మీ అక్కది ఏ చెయ్యి?

… తొందర లేదు. నీ బడిచొక్కా గుండీ ఊడినప్పుడల్లా విప్పనిచ్చేది కాదు, ఒంటిమీదే కుట్టేది. నువ్వు ఊపిరి బిగబట్టేవాడివి. సూది ఎటునుంచి వచ్చేది? ఆలోచించి చెప్పు. టేపు అవతల పెట్టు.

…

…

నాలుగూ యాభై అయింది.

ఎడమచేతి వాటం మనిషి పిచ్చుకా. కత్తెర ఎడమచేత్తో పట్టుకుని, గుడ్డని కుడిచేత్తో అదిమి పెట్టేది. ఆ వాటం కత్తెర దొరకాలని పెళ్ళైన ఏడాది నేను ఎక్కని మెట్టు లేదు, అడగని కొట్టు లేదు. ఇదిగో, నా ఎదురుగా గోడకే ఉంది. కింద కొట్లో దర్జీ నెలకోసారి పైకి వచ్చి దానికి నూనె రాసి వెళ్తాడు. అతనికి అది పనికిరాదు. అయినా రాస్తాడు.

నువ్వు చేతులైతే మార్చావు. సుద్దగీత కత్తెరకి కుడిపక్కన కనబడాలన్న మాట మాత్రం మార్చలేదు. అది ఎడమచేతివాళ్ళకి. కుడిచేత్తో కోసేవాళ్ళకి అటుపక్క గీత కనబడదు, కత్తెర కిందికి పోతుంది. నీ పేజీలో ఒకావిడ రాసింది చూశావా? మీరు చెప్పినట్టే కోశాను, మా వాడి చొక్కా గుడ్డ పాడైంది అని… చూళ్ళేదా. నీ గుంపే కాదు, నువ్వూ చదవవన్నమాట.

నాకూ ఒకావిడ రాసింది. ఆవిడదీ ఎడమచెయ్యేనట. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అందరూ చెయ్యి మార్చుకోమన్నారు, కత్తెర మార్చుకోమన్నవాళ్ళు మీరే అని. అదీ ఇవాళే, మసకేసిన పాఠం కిందే. మసకేసినా పైన నొక్కితే తెరుచుకుంటుంది. పొద్దుటినుంచీ పదకొండుమంది నొక్కారు. దొంగసొత్తని రాసి ఉన్నా తెరిచి చదివారు, ఏమనాలి వాళ్ళని… చాలదా అంటావా? చాలును. ఐదింటిదాకా చాలును.

… వద్దులే, ఆ గుంపు సంగతి మళ్ళీ చెప్పకు. సరే, ఇలా చేద్దాం. నాకేం రాసివ్వక్కర్లేదు. 'నా అనుభవం' అనే ఉంచుకో. ఆ పదకొండో పాఠంలో కుడిని ఎడమ చెయ్యి. ఇంకెవరి గుడ్డా పాడవకుండా. నా కోసం కాదు.

… ఎందుకు కుదరదు? ఒక్క మాటే కదా.

… దిద్దితే పేజీ మీద ఇవాళ్టి తేదీ పడుతుందా.

… పడితే నాదే ముందుదవుతుంది.

ఓహో. ఆ సంగతి నాకు తెలియదు సుమా. తెలిసుంటే అడిగేవాణ్ణి కాదు, నిన్ను ఇరుకున పెట్టినట్టవుతుందని… లేదు, అర్థమైంది. తేదీ కాపాడుకోవాలి. దానికోసం మీ అక్క కుడిచేత్తోనే కోస్తూ ఉండాలి.

… ఊఁ.

… ఊఁ.

విన్నావా? కింద కొట్లో గడియారం. ఐదు కొట్టింది… ఆగు, చూస్తాను. లేదు. మసక కూడా లేదు. 'ఇటువంటి అకౌంటు లేదు' అంటోంది. నిమిషం కూడా ఆగలేదు, పనిమంతులు.

ఏం చేస్తానా? కొలతల పుస్తకాలు ఉన్నాయిగా. వెనకపేజీలు ఇంకా చాలా ఖాళీ. దర్జీని అడిగి కొట్టు తలుపు మీద వారానికో పాఠం అంటిస్తాను. కాదనడు. నిలబడి చదివేవాళ్ళు చదువుతారు. వానకి తడిస్తే మళ్ళీ రాస్తాను, ఓట్లు లేకపోతే తీరిక బోలెడు.

కోపమా?… లేదు. కానీ ఒక్క మాట. పిచ్చుక అని నీకు పేరు పెట్టింది మీ అక్క. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేవాడివట. అదీ ఆవిడ సొంతంగా కట్టిందే, ఎక్కణ్ణుంచీ తెచ్చింది కాదు. ఇన్నేళ్ళూ నేను ఆ పేరుని ఆవిడ దగ్గర అరువు తెచ్చుకుని పిలుస్తున్నాను. ఇవాళ తిరిగి ఇచ్చేస్తున్నాను.

… అలా అనకండి.

… లేదండీ, మీరు పార్సిళ్ళు చూసుకోండి, పాపం వాటికోసం ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు. ఉంటానండీ.